లప్పం కింద దాగే తప్పులు: జిప్సం బోర్డు పని చెడితే ఎక్కడి నుంచి సరిచేయాలి

నల్లగొండలో మా అక్కవాళ్లు ఉన్న ఇంటిమీద మరో అంతస్తు వేసుకున్నప్పుడు, పై హాలును రెండు గదులుగా విడదీయాల్సి వచ్చింది. కింద దూలం లేని చోట స్లాబు మీద ఇటుక గోడ లేపవద్దని ఇంజినీరు చెప్పడంతో జిప్సం బోర్డుతో అడ్డుగోడ పెట్టించారు. ఎండాకాలం మధ్యాహ్నం పై అంతస్తులో కూర్చోవడమే కష్టం కాబట్టి, అదే మనిషికి ఫాల్స్ సీలింగ్ కూడా గుత్తకు ఇచ్చారు. పన్నెండు రోజుల్లో పని ముగిసింది, రంగు పడ్డాక చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఎనిమిదో నెలలో సీలింగు మధ్యన, స్కేలు పెట్టి గీసినట్టు సన్నని పగులు కనిపించింది. గుత్తకు తీసుకున్న మనిషి ఒక కుర్రవాడిని పంపాడు. "ఒక్క కోటు లప్పం పెడితే అయిపోతది సార్" అని ఆ అబ్బాయి పగులును పూడ్చి, రంగు అద్ది వెళ్లాడు. నాలుగు నెలలకు అదే చోట అదే గీత తేలింది. అలా మూడుసార్లు జరిగాక, పాత పగులుకు తోడు తలుపు పైమూల నుంచి ఏటవాలుగా ఇంకొకటి, గోడకూ సీలింగుకూ మధ్య పొడవునా మరొకటి బయటపడ్డాయి.

ఆ మరమ్మతును దగ్గరుండి చేయించిన అనుభవంతోనే ఈ వ్యాసం రాస్తున్నాను. జిప్సం బోర్డు పనిలో పగులు కనిపించేది దాదాపు ఎప్పుడూ అతుకు దగ్గరే. తప్పు మాత్రం ఆ అతుకులో ఉండవచ్చు, బోర్డు బిగింపులో ఉండవచ్చు, దాని వెనుక ఉన్న ఇనుప చట్రంలో ఉండవచ్చు, లేదా ఆ చట్రం వేలాడుతున్న స్లాబులోనే ఉండవచ్చు. ఈ నాలుగింటిలో ఏదన్నది తేల్చుకోకుండా పెట్టే లప్పం ఎన్ని కోట్లయినా నిలవదు.

మనకు ఈ పొరపాటు ఎందుకు అలవాటైందో కూడా ఆలోచించాలి. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో మట్టి గోడకు బీట పడితే ఎర్రమట్టితో మెత్తి అలికేవారు. మిద్దె ఉరిస్తే వానలకు ముందు పైన చౌడు పోసేవారు. సిమెంటు గోడలు వచ్చాక కూడా, పర్రె ఇచ్చిన చోట గీకి, సిమెంటు కూరి, సున్నం వేస్తే సరిపోయేది. ఆ గోడలు తమ బరువు మీద తాము నిలబడతాయి, పైపూత చెడితే పైపూతనే బాగుచేస్తే చాలు. బోర్డు గోడ అలాంటిది కాదు. అది సన్నని ఇనుప చట్రానికి స్క్రూలతో బిగించిన పలక. ఆ చట్రం కదిలితే పలక కదులుతుంది, పలక కదిలితే అతుకు విడుతుంది. పాలమూరు మేస్త్రీల పనితనం దేశమంతా ఎరిగినదే, అయినా ఇటుకలో, తాపీలో వచ్చిన ఆ నేర్పు ఇక్కడ నేరుగా అక్కరకు రాదు. ఇది వేరే పని, దీని కొలతలు వేరు.

బోర్డు అంటే ఏమిటి

జిప్సం అంటే నీటిని తనలో కట్టివేసుకున్న కాల్షియం సల్ఫేటు. దాని బరువులో సుమారు 21 శాతం ఆ నీరే. నిప్పు తగిలినప్పుడు ఆ నీరు ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది కాబట్టి బోర్డు మంటను కొంతసేపు నిలవరిస్తుంది. మన దేశంలో తవ్వే ముడి జిప్సం దాదాపు అంతా రాజస్థాన్‌లోనే దొరుకుతుంది. జిప్సం ముద్దను కాగితాల మధ్య పరిచి పలకగా చేసే ఉపాయానికి అమెరికాలో అగస్టీన్ సాకెట్ 1894లో పేటెంటు పొందాడు. ఇప్పుడు మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 12.5 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక. దీనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 2095. పలక ఒక్కొక్కటి సుమారు 20 కిలోలు తూగుతుంది.

ఒక చిన్న ముక్కను చేతిలోకి తీసుకుంటే దీని గుట్టు తెలుస్తుంది. రెండువైపులా కాగితం ఉన్నంతవరకు విరచడానికి బలం కావాలి. ఒకవైపు కాగితాన్ని కత్తితో ఒక్క గీటు గీసి వంచితే టక్కున విరుగుతుంది. లోపలి జిప్సం బరువును నొక్కుడుగా మోయగలదు గానీ, లాగితే తట్టుకోలేదు. ఆ లాగుడును మోసేది కాగితమే. స్క్రూ తలను పట్టి ఉంచేదీ కాగితమే, అతుకు మీద టేపు అంటుకునేదీ కాగితానికే. పనిలో ఎక్కడ కాగితం చిరిగినా అక్కడ బోర్డుకు బలం పోయినట్టే లెక్క. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తర్వాత చెప్పే చాలా విషయాలు వాటంతటవే అర్థమవుతాయి.

పలక పొడవు అంచులను కూడా వేలితో తడిమి చూడాలి. అక్కడ మందం కొద్దిగా తగ్గి, పల్లంగా ఉంటుంది. రెండు పలకలను ఆ అంచుల దగ్గర కలిపితే మధ్యలో ఒక లోతులేని కాలువ ఏర్పడుతుంది. టేపు, దానిమీది కాంపౌండు (అతుకులు పూడ్చే మెత్తని ముద్ద) ఆ కాలువలో కూర్చుని పైకి ఉబ్బకుండా సమంగా ఉండాలనే ఆ ఏర్పాటు. కోసిన అంచుకు, పొట్టి అంచుకు ఆ పల్లం ఉండదు. పనివాడు తరుగు తగ్గుతుందని కోసిన ముక్కలను ఇష్టం వచ్చినట్టు అతికితే, ప్రతి అతుకూ ఉబ్బుగా కనిపిస్తుంది. ఆ ఉబ్బును దాచడానికి బాగా రుద్దితే టేపు పలచబడి తెగుతుంది.

చట్రంలో జరిగే తప్పులు

పది అడుగులకు పన్నెండు అడుగుల గదిలో సీలింగుకు ఐదు పలకలు పడతాయి. బోర్డుల బరువే దాదాపు వంద కిలోలు, దానికి ఇనుము బరువు అదనం. అంత బరువూ స్లాబు నుంచి వేలాడే ఇనుప పట్టీల మీద ఆధారపడి ఉంటుంది. ఆ పట్టీలు 4 అడుగులకు ఒకటి చొప్పున ఉండాలి. వాటికి బిగించే అడ్డ చానళ్లు (గాడిలా వంచిన ఇనుప రేకు కమ్మీలు) కూడా 4 అడుగుల ఎడంలోనే ఉండాలి. ఆ చానళ్లకు కింద, వాటికి అడ్డంగా క్లిప్పులతో పట్టించే సెక్షన్లు 18 అంగుళాలకు ఒకటి ఉండాలి. బోర్డును ఈ సెక్షన్లకే స్క్రూలతో, 9 అంగుళాలకు ఒకటి చొప్పున బిగిస్తారు. గోడ చుట్టూ కొట్టే చానల్‌కు 2 అడుగులకొక స్క్రూ పడాలి. స్లాబులో పట్టీని నిలిపేది రంధ్రంలో వ్యాకోచించి పట్టుకునే ఇనుప ఫాస్టెనర్.

అక్కవాళ్ల సీలింగులో లైటు పక్కన రెండడుగుల చదరం కోసి లోపలికి తల పెట్టి చూశాం. మొబైల్ వెలుతురులో మొదట కనబడింది ఒక చెక్క ముక్క. స్లాబులో రంధ్రం చేసి, అందులో ఆ చెక్కను దిగ్గొట్టి, దానికి మేకు కొట్టి, మేకుకు బైండింగ్ తీగ చుట్టి, ఆ తీగకు చానల్‌ను వేలాడదీశారు. వానాకాలం ఉబ్బి, ఎండాకాలం ఎండి ముడుచుకుపోయిన చెక్క రంధ్రంలో వదులైంది. వేలితో లాగితే మేకుతో సహా అర అంగుళం కిందికి జారింది. టేపుతో కొలిస్తే ఒక చోట పట్టీకీ పట్టీకీ మధ్య ఏడు అడుగులు ఉంది. సెక్షన్ల ఎడం రెండున్నర అడుగులు. మూడుసార్లు లప్పం పెట్టిన పగులు సరిగ్గా ఆ ఏడడుగుల ఖాళీ మధ్యలో, సీలింగు అందరి కంటికీ తెలియనంత కుంగిన చోట ఉంది. ఆ దృశ్యం చూశాక నాకు కోపం కంటే బాధే ఎక్కువ కలిగింది. గదిలో ఆ సీలింగు కిందే పిల్లల మంచం ఉంది.

పై అంతస్తు సీలింగుకు మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. మే నెల ఎండకు స్లాబు పైభాగం కాలిపోతుంటే కిందిభాగం అంత వేడెక్కదు, అందువల్ల స్లాబు పగలు కొద్దిగా పైకి వంగి, రాత్రి చల్లబడ్డాక తిరిగి దిగుతుంది. ఈ కదలిక మిల్లీమీటర్లలోనే ఉన్నా, గోడకూ సీలింగుకూ మధ్య సందును గట్టి లప్పంతో బిగించి మూసేస్తే అక్కడ పగులు తప్పదు. రేకుల కప్పు కింద సీలింగు వేయించేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 20 అడుగుల ఇనుప పైపు 30 డిగ్రీల వేడి తేడాకు రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. చట్రాన్ని ఆ పైపులకే బిగిస్తే సీలింగు రోజూ లాగబడుతూ ఉంటుంది. పైగా 50 డిగ్రీలు దాటిన వేడి ఎక్కువ కాలం తగిలితే జిప్సంలోని నీరు మెల్లగా పోయి బోర్డు పొడిబారుతుంది. రేకుకూ సీలింగుకూ మధ్య గాలి ఆడే దారి లేకుండా రేకుల గదికి జిప్సం సీలింగు వేయించడం నా దృష్టిలో తప్పు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉంటుంది కనుక వాటికి రంధ్రాలు చేయడం ఆరోగ్యానికీ ముప్పే.

అడ్డుగోడ చట్రం వేరు. నేలకు ఒక చానల్, పైన స్లాబుకు ఒక చానల్, వాటి మధ్య నిలువుగా 2 అడుగులకొక స్టడ్, అంటే ఇనుప నిలువు కమ్మీ, ఉంటుంది. స్లాబు వంగినప్పుడు గోడ మీద బరువు పడకుండా, స్టడ్‌ను కొద్దిగా పొట్టిగా కోసి, పై చానల్‌లో స్క్రూ లేకుండా ఆడనివ్వాలి. బోర్డుకు కూడా పైన సన్నని సందు వదలాలి. మా అక్కవాళ్ల గోడలో స్టడ్‌ను పైకి గట్టిగా తన్ని, స్క్రూలు వేసి బిగించారు. తలుపు పక్కన చట్రాన్ని బలపరచే చెక్క లేదు. తలుపు తీసి మూసిన ప్రతిసారీ అదిరే ఆ చోట, బోర్డు అతుకును సరిగ్గా తలుపు అంచు గీతకే తెచ్చి పెట్టారు. తలుపు మూల దగ్గర బోర్డును చుట్టుకునేలా కోసి, అతుకును పక్క స్టడ్ మీదికి జరిపి ఉంటే ఆ ఏటవాలు పగులు వచ్చేది కాదు.

విప్పకముందే కనిపెట్టడం

ఏదీ కోయకుండానే చాలా సంగతులు తెలుసుకోవచ్చు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, టార్చిని గోడకు ఆనించి వెలుతురు గోడ వెంబడి పారేలా పెట్టండి. పగటిపూట నున్నగా కనిపించిన గోడ మీద అతుకుల ఉబ్బులు, స్క్రూ గుంటలు, టేపు కింద గాలి బుడగలు నీడలతో సహా తేలుతాయి. రెండో పరికరం చిన్న అయస్కాంతం. దాన్ని గుడ్డలో చుట్టి బోర్డు మీద మెల్లగా జరిపితే స్క్రూ ఉన్నచోట, సెక్షన్ ఉన్నచోట పట్టుకుంటుంది. పట్టిన చోటల్లా పెన్సిల్ గుర్తు పెట్టి టేపుతో కొలిస్తే, లోపలి చట్రం ఎడం ఎంతో పైనుంచే బయటపడుతుంది. గోడ నుంచి గోడకు దారం లాగి పడితే సీలింగు ఎక్కడ ఎంత కుంగిందో తెలుస్తుంది. అరచేతితో నొక్కినప్పుడు బోర్డు లోపలికి వెళ్లి తిరిగి వస్తే, లేదా టక్కుమన్న చప్పుడు వినిపిస్తే, అక్కడ స్క్రూ పట్టు వదిలిందని అర్థం.

పగులు ఆకారమూ చెబుతుంది. 4 అడుగులకొకటి తిన్నగా కనిపిస్తే అది పొడవు అతుకు. ఒకే ఒక్క అతుకు చిట్లితే టేపు తప్పు కావచ్చు, అన్నీ చిట్లితే చట్రాన్నో లప్పాన్నో అనుమానించాలి. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగితే కదలిక. గోడ అంచు పొడవునా ఉంటే స్లాబు వంపు. గుండ్రని చిన్న ఉబ్బు స్క్రూ పైకి తేలిన గుర్తు. గోధుమరంగు వలయం నీటి జాడ. పగులు రెండు కొనల దగ్గర గీత గీసి తేదీ వేసి, దానిమీద అడ్డంగా సన్నని కాగితం అంటించి నెల రోజులు చూడాలి. కాగితం చిరిగితే కదలిక ఇంకా సాగుతున్నట్టు. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూసి పగులు వెడల్పు మారుతోందంటే అది వేడి వల్లనే. అక్కవాళ్ల గోడ అంచు పగులు మధ్యాహ్నం పోస్టుకార్డు దూరేంత తెరుచుకుని, పొద్దున్నే మూసుకునేది.

సరిచేసే వరుస

మొదట చూడాల్సింది నీరు. పైన స్లాబు కారుతుంటే, బాత్రూమ్ పైపు చెమరుస్తుంటే, దాన్ని ఆపకుండా కింద ఏం చేసినా వృథా. తడిసి ఆరిన బోర్డును బొటనవేలితో నొక్కాలి. గట్టిగా ఉంటే మరకను ప్రైమర్‌తో మూసి ఉంచుకోవచ్చు. మెత్తబడినా, కాగితం ఊడుతున్నా, నల్లని బూజు పట్టినా ఆ భాగాన్ని కోసి తీసేయాలి. అడ్డుగోడ కింది అంచును మర్చిపోవద్దు. పండుగకు బకెట్లతో నీళ్లు పోసి నేల కడిగే అలవాటు మన ఇళ్లలో ఉంది. బోర్డు నేలకు తగిలి ఉంటే కాగితం వత్తిలా నీటిని పైకి లాగుతుంది. నేలకూ బోర్డుకూ మధ్య 10 మిల్లీమీటర్ల సందు ఉండాలి. లేకపోతే కింద ఐదారు అంగుళాలు కోసి, సిమెంటు ఫైబర్ బోర్డు పట్టీ వేసి, దానిమీద తాండూరు బండ స్కర్టింగ్ పెట్టడం మేలు. చట్రంలో చెక్క వాడి ఉంటే చెదల కోసం కూడా వెదకాలి, అవి చెక్కతో పాటు బోర్డు కాగితాన్నీ తింటాయి.

రెండోది చట్రం. పట్టీల ఎడం గది అంతటా తప్పుగా ఉంటే, అక్కడక్కడ కోసి బలపరచడం కంటే మొత్తం దించి మళ్లీ వేయడమే నా సలహా. ఖర్చులో తేడా అనుకున్నంత ఉండదు, ఎందుకంటే ఇనుప సెక్షన్లు చాలావరకు తిరిగి పనికొస్తాయి. బోర్డులు మాత్రం విప్పేటప్పుడు అంచులు చెడుతాయి కాబట్టి కొత్తవి కొనాల్సిందే. అక్కవాళ్ల ఇంట్లో పిల్లల గది సీలింగు పూర్తిగా దించాం. రెండో గదిలో మూడు చోట్ల మాత్రమే ఎడం ఎక్కువ ఉండటంతో, అక్కడ బోర్డును రెండడుగుల వెడల్పున కోసి కొత్త పట్టీలు ఫాస్టెనర్లతో దించాం. పని మొదలుపెట్టే ముందు ఆ గది కరెంటును మెయిన్ దగ్గరే ఆపాలి. సీలింగు ఫ్యాను కొక్కెం ఎప్పుడూ స్లాబులోనే ఉండాలి. దాని బరువూ అదురూ చట్రం మీద పడకూడదు.

తేలిన స్క్రూను మళ్లీ లోపలికి తిప్పితే లాభం లేదు, ఆ రంధ్రంలో పట్టు పోయింది. బోర్డును టి ఆకారపు కర్రతో పైకి ఆనించి పట్టి, పాత రంధ్రానికి అంగుళంన్నర దూరంలో కొత్త స్క్రూ వేసి, ఆ తర్వాతే పాతదాన్ని తీయాలి. స్క్రూ తల కాగితాన్ని చింపకుండా దాని ఉపరితలం కంటే వెంట్రుకవాసి కిందికి దిగాలి. డ్రిల్లింగ్ మిషన్‌ను లోతు చూసుకోకుండా నడిపిస్తే తల కాగితాన్ని చీల్చుకుని జిప్సంలోకి పోతుంది. పైకి గట్టిగా బిగించినట్టే కనబడుతుంది గానీ అది బోర్డును పట్టుకోదు. దించిన బోర్డుల్లో నేను లెక్కపెట్టిన ఒకదానిలో సగానికి పైగా స్క్రూలు ఇలా చీల్చుకుపోయినవే. స్క్రూ బోర్డు అంచుకు 10 మిల్లీమీటర్ల కంటే, కోసిన అంచుకు 15 మిల్లీమీటర్ల కంటే దగ్గరగా పడకూడదు.

ఇప్పుడు అతుకు. ఇక్కడ తొందర అసలు పనికిరాదు. పాత లప్పాన్ని, పాత టేపును పూర్తిగా గీకేయాలి. తెల్ల సిమెంటు లప్పం సిమెంటు గోడకు మంచిదే కానీ బోర్డు అతుకుకు పనికిరాదు, అది గట్టిపడ్డాక పెళుసుగా మారి కొద్దిపాటి కదలికకే చిట్లుతుంది. బోర్డు కంపెనీలు అమ్మే అతుకు కాంపౌండే వాడాలి. గీకిన సందులో మొదట కాంపౌండు నింపి, ఆరాక దానిమీద పలుచగా ఇంకో పొర పరిచి, ఆ తడి మీద కాగితం టేపు పెట్టి, మధ్య నుంచి చివరలకు బ్లేడుతో నొక్కుతూ గాలినీ అదనపు ముద్దనూ బయటికి తోయాలి. టేపు కింద ముద్ద చాలకపోతే తర్వాత బుడగ లేస్తుంది. నార జాలీ టేపు తనంతట అంటుకుంటుంది కాబట్టి పనివాళ్లకు సులువు, కానీ అతుకు దగ్గర కాగితం టేపు ఇచ్చే బిగువు దానికి రాదు. జాలీ వాడక తప్పకపోతే రసాయనికంగా గట్టిపడే రకం కాంపౌండు తప్పనిసరి. టేపు మీద మూడు కోట్లు పడాలి, మొదటిది 6 అంగుళాల వెడల్పు, రెండోది 10, మూడోది 12. కోటుకూ కోటుకూ మధ్య ఒక రోజు ఆగాలి. వానాకాలం ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. ఎండాకాలం త్వరగా ఆరుతుందని ఫ్యాను పెట్టి మరీ ఆరబెట్టడం తప్పు, పైపొర ముందే ఎండి లోపలిది కుంచించుకుని అంచుల్లో వెంట్రుక పగుళ్లు వస్తాయి. పల్లం లేని పొట్టి అంచుల అతుకులకు వెనక బోర్డు పట్టీ అంటించి బలపరచి, పైన కాంపౌండును అడుగున్నర వెడల్పు దాకా పలుచగా లాగితే ఉబ్బు కంటికి ఆనదు.

గోడకూ సీలింగుకూ మధ్య ఉన్న పగులును కాంపౌండుతో కలపకూడదు. సాగే గుణమున్న అక్రిలిక్ సీలెంటుతో పూడ్చాలి, లేదా చుట్టూ పది మిల్లీమీటర్ల గాడి వదిలి అదే అలంకారంగా చూపాలి. మేము గాడి వదిలాం. 30 అడుగులు దాటిన పొడవైన హాలుకు మధ్యలో కూడా ఇలాంటి ఒక కదలిక సందు ఉండాలి. చిరిగిన కాగితం ఉన్నచోట, వదులుగా లేచిన పొరను కత్తితో కోసేసి, ప్రైమర్ పట్టించి ఆరనిచ్చాకే కాంపౌండు పూయాలి, లేకుంటే తేమకు ఆ చోటు పొక్కులు పొక్కుతుంది. రుద్దేటప్పుడు మూతికి మాస్కు ఉండాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు. చివరగా గోడ మొత్తానికి ప్రైమర్ వేయకుండా రంగు వేస్తే, కాగితం ఒకలా, కాంపౌండు ఒకలా రంగును పీల్చుకుని సాయంత్రం ట్యూబులైటు వెలుగులో అతుకులన్నీ చారలుగా కనబడతాయి.

గుత్త మాటల దగ్గర

పని చెడ్డాక వాదన అంతా సాక్ష్యాల మీదే నడుస్తుంది. అక్కవాళ్ల దగ్గర ఉన్న ఒకే ఒక కాగితం, గజాల లెక్క రాసిన డైరీ పేజీ. పట్టీల ఎడం, సెక్షన్ల ఎడం, కాంపౌండు రకం, టేపు రకం ఏవీ అందులో లేవు. ఈసారి వాటన్నిటినీ ఒక తెల్లకాగితం మీద రాయించి, ఇద్దరూ సంతకాలు పెట్టాక పని మొదలైంది. బోర్డు ఎక్కించకముందే చట్రాన్ని కొలిచి చూడాలని, డబ్బులో పదో వంతు ఒక వేసవీ ఒక వానాకాలమూ గడిచాక ఇవ్వాలని అందులో ఉంది. మిర్యాలగూడ నుంచి వచ్చిన కొత్త మేస్త్రీ ఆ షరతుకు అభ్యంతరం చెప్పలేదు.

సొంతంగా గుత్తకిచ్చిన పనిలో లోపం ఉంటే అది వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపమే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, లోపం బయటపడిన రెండేళ్లలోగా చేయాలి. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి మార్గం అడగవచ్చు. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద నమోదు ఉన్న ప్రాజెక్టులో ఫ్లాటు కొన్నవాళ్ల పరిస్థితి ఇంతకంటే మెరుగు. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు పనితనంలో లోపం చూపితే బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలని ఆ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. రెండు దారుల్లోనూ అక్కరకొచ్చేది విప్పకముందు తీసిన ఫోటోలే, కాబట్టి కోపంలో అన్నీ పీకేసి పారేయకుండా తేదీలతో సహా ఫోటోలు తీసి, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, ఆ తర్వాతే మరమ్మతు మొదలుపెట్టాలి. అక్కవాళ్లు ఫిర్యాదు దాకా వెళ్లలేదు, మొదట గుత్తకు తీసుకున్న మనిషి తనకు రావాల్సిన పాత బాకీలో కొంత వదులుకున్నాడు.

కొత్త సీలింగు మూయకముందు బావ ప్రతి పట్టీ పక్కనా టేపు పట్టి, అంకెలు కనబడేలా ఫోటో తీశాడు. గది పటం గీసి ఏ సెక్షన్ గోడకు ఎన్ని అంగుళాల దూరంలో ఉందో అందులో రాశాడు. ఆ కాగితం ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో ఉంది. నిరుడు ఏసీ బిగించడానికి వచ్చిన కుర్రవాడు డ్రిల్లు పెట్టే ముందు దాన్నే అడిగి తీసుకుని చూశాడు.